బతికే ఉన్నానని కూడా రాయి

ఆ వేసవిలో మా అపార్టుమెంటులోని ఇరవై ఎనిమిది ఇళ్ళలో ఏం జరిగినా ముందు నా చేతిలోని సుద్దముక్కకే తెలిసేది.

గేటు పక్కన, ప్రహరీగోడకి, చిన్న రేకు కింద ఒక నల్లబోర్డు ఉంది. బాల్కనీలో నిలబడితే నాలుగో అంతస్తు వాళ్ళకి కూడా కనపడుతుంది. మామూలు రోజుల్లో దాని మీద నేను రాసేది ఒకటే ముక్క: రేపు ట్యాంకు కడుగుతాం, పది నుంచి రెండు దాకా నీళ్ళు రావు. అది కూడా ఎవరూ చదవరు. పదకొండింటికి ఒంటినిండా సబ్బుతో ఎవరో ఒకరు బాత్రూము కిటికీలోంచి "మోటారూ!" అని కేకేస్తారు. అక్కడ నా పేరు అదే. పదహారేళ్ళుగా మోటారు వేస్తున్నాను, ఆపుతున్నాను. గేటు, లిఫ్టు, చెత్త, కాలిపోయిన ఫ్యూజు అన్నీ నా నెత్తినే ఉన్నా, పేరు మాత్రం మోటారు దగ్గర ఆగిపోయింది.

ఊళ్ళోకి ఆ అంటుజబ్బు వచ్చాక బోర్డుకి గిరాకీ పెరిగింది. సెక్రటరీ గారు ఏదో ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ మీద సంతకాలు పెట్టి రిటైరైన మనిషి. ఇంట్లో బందీ అయ్యేసరికి ఆయన చెయ్యి దురద పెట్టింది. పొద్దున్నే ఏడింటికి నా ఫోనులో ఆయన గొంతు పలికేది. "రాసుకో. లిఫ్టులో ఇద్దరికి మించి ఎక్కరాదు. మెట్ల రెయిలింగు ముట్టుకోరాదు. చెత్త సంచికి రెండు ముళ్ళు వేసి తలుపు బయట పెట్టాలి. డాబా మీద నడక ఇంటికో పావుగంట." నేను రాసేవాణ్ణి. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అంతంత చదువులు చదివిన కుటుంబాలు నా చేతిరాత కోసం బాల్కనీల్లో నిలబడి ఎదురుచూశాయంటే అది ఆ జబ్బు పుణ్యమే.

తర్వాత ఎర్ర సుద్దముక్క వచ్చింది.

"ఎవరింట్లో వస్తే ఆ ఇంటి నంబరు ఎర్రగా, పెద్దగా రాయి" అన్నారు సెక్రటరీ గారు. "పధ్నాలుగు రోజులు ఉంచు. తర్వాత తుడిచెయ్."

మొదటి నంబరు 203. పాటల టీచరు, ఆవిడ తండ్రి. పెద్దాయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. నేను మూడు అంకెలూ జానెడేసి పొడవున రాశాను. చుట్టూ పెట్టెలాగా గీతలు కొట్టాను. ఆ గీతల మీద మళ్ళీ ఒకసారి దిద్దాను. అబద్ధమెందుకు, రాస్తుంటే చెయ్యి హాయిగా ఆడింది. వాళ్ళ మీద నాకు ప్రత్యేకంగా కోపమేం లేదు. అందరి మీదా ఉన్నదే.

మా గది మెట్ల కింద ఉంటుంది. నేను లోపలికి వచ్చేసరికి మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి బోర్డునే చూస్తోంది. తను అంతకుముందు నాలుగిళ్ళలో పని చేసేది, 203 వాటిలో ఒకటి. జబ్బు భయానికి నాలుగిళ్ళ వాళ్ళూ మాన్పించారు.

"అంత పెద్దగా రాయాలా?"

"చెప్పింది రాశాను."

"చెప్పింది నంబరు. ఆ గీతలు నీవి."

"సెక్రటరీ గారికి ఫోన్ చేసి చెప్పుకో పో" అన్నాను. మా ఇంట్లో మాటలు ఎప్పుడూ ఇక్కడిదాకానే వెళ్ళి ఆగేవి.

ఆ అంకె పడ్డ మర్నాటి నుంచీ పాలవాడు రెండో అంతస్తు ఎక్కనన్నాడు. 203 వాళ్ళ పాకెట్టు గేటు దగ్గర మెట్టు మీద పడేసి పోయేవాడు. ఎనిమిదింటికి చూస్తే ఉండేది కాదు. ఏ కుక్కో లాక్కుపోతోందనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

పది రోజులు గడిచాక, ఒక సాయంత్రం పెద్దాయన బాల్కనీలోకి వచ్చాడు. మాసిన గడ్డం, చొక్కా లోపల మనిషి సగమే మిగిలాడు. గొంతు మాత్రం అలాగే ఉంది.

"ఒరే మోటారూ! నేను బతికే ఉన్నానని కూడా రాయరా దాని మీద! ఎదురు బిల్డింగు వాళ్ళు నా బాల్కనీ కేసి చూసి తలకాయలు ఆడిస్తున్నారు!"

పై అంతస్తుల్లో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. "సెక్రటరీ గారు చెప్పలేదు సార్" అన్నాను.

"ఆయన చెప్తే గానీ నేను బతకనట్రా?"

"చెప్తే రాస్తాను సార్."

పధ్నాలుగు రోజులు అయిపోయాయి. తుడవమని సెక్రటరీ గారు చెప్పలేదు. ఆయన మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. పొద్దున్న గేటు తీస్తూ చూసేవాణ్ణి, సాయంత్రం గేటు వేస్తూ చూసేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు కదా, నాకెందుకు? పందొమ్మిదో రోజున టీచరు బాల్కనీలోంచి, ఎక్కడా గొంతు పెంచకుండా అడిగింది.

"అన్నా, మాది అయిపోయి అయిదు రోజులైంది. తుడుస్తారా?"

పొడిగుడ్డతో నాలుగు దెబ్బలు కొట్టాను. అంకె పోయింది, ఎర్రటి మరక ఉండిపోయింది. అది చాలులే అనుకున్నాను.

ఇంకో రెండు రోజులకి మా ఆవిడకి జ్వరం తగిలింది.

"ఎండదెబ్బ" అంది తను. "ఎండదెబ్బే" అన్నాను నేను. ఇద్దరం అంత త్వరగా ఒక మాట మీదికి రావడం ఇరవై రెండేళ్ళలో అదే మొదలు.

మా పక్క బిల్డింగులో గేటు చూసేవాడి భార్యకి ఇలాగే వస్తే, ఆ మధ్యాహ్నానికే వాళ్ళ మంచం, పొయ్యి, ట్రంకుపెట్టె రోడ్డు మీద ఉన్నాయి. నేను వెళ్ళి చూశాను కూడా. పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఎటు వెళ్తావని అడిగితే, "నువ్వు చెప్పు" అన్నాడు. నాకు ఆ మనిషి కళ్ళ ముందు నుంచి పోలేదు. ఈ గది తప్ప మాకూ ఇంకో చోటు లేదు. కాబట్టి తలుపు దగ్గరికి వేసి, మాస్కు కళ్ళ దాకా లాక్కుని మోటారు వేశాను. చెత్త సంచులు తీశాను. గేటు తీస్తూ బోర్డు వైపు మాత్రం చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి జ్వరం తగ్గినట్టే ఉంది గానీ దగ్గు ముదిరింది. మా గది వెనక కిటికీ బాత్రూముల గొట్టాల సందులోకి ఉంటుంది. ఆ సందులో ఎవరు చెంబు కింద పెట్టినా నాలుగంతస్తులకీ వినిపిస్తుంది. తను నోటికి దిండు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. పైనుంచి గొంతు వచ్చింది.

"అన్నా."

నేను కిటికీ రెక్క దగ్గరికి లాగాను.

"అన్నా, ఉన్నారని తెలుసు. దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"దుమ్మండీ టీచరమ్మా. గది ఊడుస్తోంది."

"రెండు రోజుల నుంచి ఊడుస్తోందా? ఫోన్లో పిల్లలకి పాట చెప్తుంటే మధ్యలో వినపడుతూనే ఉంది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టండి."

నైలాను తాడుకి కట్టిన చిన్న ప్లాస్టిక్ బకెట్టు గోడకి తగులుతూ కిందికి వచ్చింది. అందులో ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే, వేలికి పెట్టే మిషను. వాళ్ళ నాన్నకి వాడినది. ఎలా పెట్టాలో పైనుంచి చెప్పింది. మా ఆవిడ చూపుడువేలికి పెట్టాను. గోళ్ళు నల్లగా ఉన్నట్టు అప్పుడు చూశాను.

"ఎంత చూపిస్తోంది?"

"ఎనభై ఎనిమిది. నాకు బడిలో ఎప్పుడూ అన్ని రాలేదు. మంచిదేనా?"

"కాదన్నా. అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

"అది వస్తే అందరికీ తెలిసిపోతుంది టీచరమ్మా."

"తెలియనివ్వండి."

"మీకేం, మీది సొంత ఇల్లు. నంబరు రాసినా మిమ్మల్ని ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు." అది అన్నాక నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. రాసింది నేనే కదా.

పైన కిటికీ తలుపు చప్పుడైంది. వెళ్ళిపోయిందనుకున్నాను.

"ఆ పందొమ్మిది రోజులూ మాకు పాలు ఎవరు తెచ్చి పెట్టారో తెలుసా మీకు?" అంది. "తలుపు కొట్టి, నాలుగు మెట్లు దిగి నిలబడేది. మేం తలుపు తీసి కనపడేదాకా వెళ్ళేది కాదు. మా నాన్న లేవలేని రోజు నేను ఏడుస్తుంటే, అక్కడే మెట్ల మీద కూర్చుంది. మీతో చెప్పొద్దంది."

వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వింటోందని వీపే చెప్తోంది.

"అన్నా," పైన గొంతు సన్నబడింది. "మా వల్లే వచ్చిందేమో."

నా నాలుక చివర దాకా వచ్చింది మాట. అవును, మీ వల్లే. అనడానికి నాకు ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టదు. అలాంటి మాటలు నేను జీవితమంతా ముందే సిద్ధం చేసి పెట్టుకునే మనిషిని.

"నేను రోజూ బజారుకి పోతున్నాను" అన్నాను. "ఎవరి వల్లో ఎవరు చెప్పగలరు? మీరు తాడు పైకి లాక్కోండి. ఫోన్ చేస్తాను."

అంబులెన్సు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. బాల్కనీలన్నీ నిండిపోయాయి. మా ఆవిడ తనే నడిచి వెళ్ళింది. నన్ను ఎక్కనివ్వలేదు. గేటు దగ్గర ఆగి, ఊపిరి కూడదీసుకుని బోర్డు వైపు చూసింది.

"మన గదికి నంబరు కూడా లేదు. ఏం రాస్తావు?"

మాస్కు వెనక నవ్విందో లేదో తెలియలేదు. బండి తలుపు వేసేశారు.

నేను ఎర్ర సుద్దముక్క తీశాను. 203 ఎంత పెద్దగా రాశానో అంత పెద్దగా రాశాను. "మెట్ల కింద గది. నా భార్యకి జబ్బు. మూడు రోజుల నుంచి. నేను దాచాను. పధ్నాలుగు రోజులు బయటికి రాను. మోటారు మీరే వేసుకోండి." చుట్టూ పెట్టె కొట్టాను. దాన్ని దిద్దాను కూడా. తర్వాత గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

పావుగంటలో మూడో అంతస్తు డాక్టరు గారి అత్తగారు మెట్ల మలుపులో నిలబడి అరిచింది. "మూడు రోజులు మా గుమ్మంలో చెత్త ముట్టుకున్నావు కదయ్యా! చంటిదాన్ని పెట్టుకుని ఉన్నాం, ఒక్క మాట చెప్పలేకపోయావా?" తలుపు వెనక తల దించుకుని నిలబడ్డాను. ఆవిడకి అది కనపడలేదు.

సాయంత్రం ఫోనులో సెక్రటరీ గారి గొంతు. "నీ రూము సంగతి కమిటీ రేపు పదింటికి మాట్లాడుతుంది."

ఆ మర్నాడు తొమ్మిదింటికల్లా ట్యాంకు ఖాళీ అయింది.

మోటారు గది మా కిటికీకి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో ఉంటుంది. సెక్రటరీ గారు రెండు మాస్కులు, చేతులకి గ్లౌజులు, నెత్తిన ప్లాస్టిక్ కవరుతో దిగారు. స్విచ్ వేశారు. మోటారు ఒట్టినే తిరిగింది. ఎండాకాలం దానికి గాలి పడుతుంది, ఎంతసేపు తిరిగినా చుక్క ఎక్కదు. పదిహేను నిమిషాలు దానికేసే చూశారు. పది దాటిపోయింది. ఇంతలో పైనుంచి నాలుగో అంతస్తు లాయరు గారి కేక.

"సెక్రటరీ గారూ! మోటారుగాడి రూము సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు నా ఒంటి మీద సబ్బు సంగతి చూడండి!"

సెక్రటరీ గారు నా కిటికీ వైపు తిరిగారు. "ఏమయ్యా... దీనికేం చెయ్యాలి?"

"ముందు ఆపండి సార్. కాలిపోతుంది. పైన ఇత్తడి మూత ఉంది, తిప్పండి."

"ఇది రావట్లేదు."

"చేత్తో రాదు సార్. మీటరు పెట్టె వెనక పానా ఉంటుంది. చీకట్లో తడమాలి. బొద్దింకలుంటాయి, ఏం చెయ్యవు."

ఆయన తడిమారు. చిన్న కేక వేశారు. పానా దొరికింది.

"ఇప్పుడు రెండు మగ్గుల నీళ్ళు పొయ్యండి. మెల్లగా. బుడగలు రావడం ఆగేదాకా. మూత బిగించండి. పక్కన గేటు వాల్వు సగం మూయండి."

"వాల్వుకి పిడి లేదేమిటి?"

"నాలుగేళ్ళ నుంచి లేదు సార్. మీకు మూడు కాగితాలు రాయించి ఇచ్చాను. పానాతోనే తిప్పండి."

మోటారు గొంతు మారింది. గొట్టంలో నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు నాకు ఇక్కడిదాకా వినపడింది. సెక్రటరీ గారు చొక్కా తడిసిపోయి, కవరు చెవి మీదికి జారిపోయి, పరీక్ష పాసైన పిల్లాడిలా నా వైపు చూశారు.

"ట్యాంకు నిండిందని ఎలా తెలుస్తుంది?"

"చప్పుడు మారుతుంది సార్. వినాలి."

ఆయన వినలేదు. ఫోను వచ్చి పైకి వెళ్ళారు. గంట తర్వాత ట్యాంకు పొంగి, నాలుగో అంతస్తులో ఆరేసిన లాయరు గారి బట్టల మీదుగా జలపాతం దిగింది. ఆ పది గంటల మీటింగు జరగలేదు. తర్వాత రోజు కూడా జరగలేదు. ఆ వారం మొత్తం ఆయన పొద్దున్నే నా కిటికీ ముందు నిలబడి "ఇప్పుడు తిప్పనా?" అని అడుగుతూనే ఉన్నారు. నా రూము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. క్షమించారని నేను అనుకోను. మోటారు వాళ్ళని బెదిరించింది. నాకు అదైనా చాలు.

వెనక కిటికీలోంచి మాత్రం రోజుకి రెండుసార్లు బకెట్టు దిగేది. భోజనం, మాత్రలు, ఒకసారి పెద్దాయన చదివేసిన పేపర్ల కట్ట. దాని మీద ఆయన చేతిరాత: "ఒరే, ఆరో తరగతికి ఇవి చాలు."

ఆసుపత్రి నుంచి సాయంత్రం అయిదింటికి ఒక నర్సు ఫోన్ చేసేది. మొదటి రోజు "చూస్తున్నాం" అంది. రెండో రోజు, మూడో రోజూ అదే మాట. అయిదు అవుతుంటే నేను ఫోను నేల మీద పెట్టి దానికి దూరంగా కూర్చునేవాణ్ణి. పైన టీచరు పాఠం ఆపేసేది. మోగిందా అని అడిగేది కాదు, కానీ సందులో చప్పుడు లేకపోవడాన్ని బట్టి కిటికీ దగ్గరే ఉందని తెలిసేది.

ఆరో రోజు నర్సు గొంతు కాదు.

"మోటారు ఎవరు వేస్తున్నారు?" మా ఆవిడ. మాటకీ మాటకీ మధ్య ఊపిరి.

"సెక్రటరీ గారు."

అటువైపు ఏదో చప్పుడు. దగ్గనుకుని భయపడ్డాను. కాదు.

"నవ్వించకు. నొప్పి పుడుతోంది" అంది. మళ్ళీ తనే, "పాల సంగతి నీకు చెప్పాల్సింది" అంది.

"చెప్తే వద్దనేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

ఫోను పెట్టేశాక గోడకి ఆనుకుని నేల మీదికి జారిపోయాను. లేచి వెనక కిటికీ దగ్గరికి వెళ్ళి, "టీచరమ్మా, మాట్లాడింది" అన్నాను. పైనుంచి పెద్దాయన గొంతు, "ఏమందిరా?" అని. "నన్ను తిట్టింది సార్" అన్నాను. "అయితే బతికినట్టే" అన్నాడు.

పదకొండో రోజు తను ఇంటికొచ్చింది. మంచం దాకా నడిచి, కూర్చుని, గది నాలుగు మూలలూ చూసి, "పదకొండు రోజుల్లో ఒక్కసారైనా ఊడ్చావా?" అంది. చీపురు తీసుకుని ఊడ్చాను. ఇది నిజం దుమ్ము.

పధ్నాలుగు రోజులు అయిపోయిన తెల్లవారి గడియ తీసి బయటికి వచ్చాను. సుద్దగుడ్డ చేతిలో పట్టుకునే వచ్చాను. నా ముక్క నేనే తుడుచుకోవాలి, ఇంకెవరు తుడుస్తారు? తుడవొద్దంటే ఎన్నాళ్ళుంచుతారో వాళ్ళ ఇష్టం అని కూడా అనుకున్నాను, ఎందుకంటే అలా ఉంచడం ఎంత తేలికో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

బోర్డు మీద ఏమీ లేదు. తడిగుడ్డతో, మూల మూలలా తుడిచి ఉంది. నా రాతే కాదు, దాని కింద నేను వదిలేసిన 203 పాత ఎర్రమరక కూడా లేదు. నలుపు ఇంకా ఆరలేదు, కింది అంచు నుంచి నీటి చుక్క ఒకటి జారుతోంది. తల ఎత్తి చూశాను. రెండో అంతస్తు బాల్కనీ రెయిలింగు మీద ఒక గుడ్డ ఆరేసి ఉంది. పిండినా పోని ఎరుపు దాని మీద ఉంది. టీచరు కనపడలేదు.

ఫోను మోగలేదు. సెక్రటరీ గారింకా లేవలేదు. ఇది రాయి అని చెప్పేవాళ్ళెవరూ లేరు. బోర్డు ఆరేదాకా ఆగి, తెల్ల సుద్దముక్క తీసుకుని, పెట్టె గీతలు లేకుండా రాశాను:

"నీళ్ళు ఈ రోజు నుంచి మామూలు టైముకే. మెట్ల కింద ఇద్దరం బాగున్నాం. 203 పెద్దాయన బతికే ఉన్నారు."

మోటారు వేసి వచ్చేసరికి పెద్దాయన బాల్కనీలో ఉన్నాడు. కళ్ళజోడు ఎత్తి పట్టుకుని బోర్డుకేసి చూస్తున్నాడు. వెనక టీచరు.

"ఒరే మోటారూ! జబ్బైతే జానెడు రాస్తావు, బతికితే బెత్తెడు కూడా లేదేమిరా? కనపడట్లేదు!"

మెట్ల కింది కిటికీలోంచి మా ఆవిడ నా వైపు చూస్తోంది. ఏం చేస్తానో చూద్దామన్నట్టు.

గుడ్డ తీసుకుని చివరి ముక్క తుడిచేశాను. మళ్ళీ రాశాను, చెయ్యి ఎంత ఎత్తు అందితే అంత పెద్దగా.